ఇంట్లోని స్త్రీ అరెస్టయితే: స్టేషన్ గడప నుంచి జైలు గేటు దాకా చేయవలసిన పనులు

మగవాడు అరెస్టయిన రోజు సాయంత్రానికల్లా స్టేషన్ అరుగు మీద అతని తల్లో, భార్యో, అక్కచెల్లెళ్లో కూర్చుని ఉంటారు. వకీలు ఇంటి చుట్టూ తిరిగేదీ, వాయిదాలకు వచ్చేదీ, ములాఖత్ కోసం తెల్లవారుజామున బస్సెక్కేదీ వాళ్లే. స్త్రీ అరెస్టయినప్పుడు అలా తిరిగే మనిషి చాలా ఇళ్లలో ఉండరు. పరువు పోయిందని భర్త ముఖం చాటేస్తాడు, పుట్టింటివారు అత్తింటివారి వైపు, అత్తింటివారు పుట్టింటివారి వైపు చూస్తారు, ఈలోగా రిమాండ్ పడిపోతుంది. పారాలీగల్ వాలంటీర్‌గా, అంటే న్యాయసేవా సంస్థ తరఫున సాయం చేసే మనిషిగా, జైలుకు వెళ్లివచ్చిన రోజుల్లో నేను ఎక్కువగా చూసింది ఇదే. స్త్రీల కోసం చట్టంలో రాసిపెట్టిన రక్షణలు తక్కువేమీ కావు. వాటిని సమయానికి కాగితం మీద అడిగే మనిషే బయట కరువు. ఈ వ్యాసం ఆ మనిషి కోసం. ఆమె నేరం చేసిందా లేదా అన్నది కోర్టు తేలుస్తుంది. చేసినా, చేయకపోయినా ఈ రక్షణలు ఆమెకు చెందుతాయి.

జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క ప్రకారం 2022 చివరి నాటికి దేశంలోని జైళ్లలో 5,73,220 మంది ఉండగా వారిలో స్త్రీలు 23,772 మంది, అంటే నూటికి నలుగురు. సంఖ్య తక్కువ కావడం వారికి మేలు చేయలేదు. కేవలం స్త్రీల కోసం ఉన్న జైళ్లు తెలంగాణలో చంచల్‌గూడ, ఆంధ్రప్రదేశ్‌లో రాజమహేంద్రవరం వంటి కొద్ది చోట్లనే ఉన్నాయి. మిగిలినచోట్ల మగవారి జైలు ఆవరణలోనే ఒక మూల ఆడవారి బ్యారక్ ఉంటుంది. అందువల్ల ఊరికి వంద, నూట యాభై కిలోమీటర్ల దూరంలోని జైలుకు పంపడం మామూలు విషయమైపోయింది. అంత దూరం వెళ్లి చూసేవారు ఎవరనేదే ఆమె కేసు గతిని సగం నిర్ణయిస్తుంది.

ఒక చిన్న సూచన ముందే చెబుతాను. 2024 జూలై 1 నుంచి పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో భారతీయ నాగరిక సురక్షా సంహిత అమలులో ఉంది. సెక్షన్ల అంకెలు మారాయి గాని స్టేషన్లలో, కోర్టు వరండాల్లో ఇప్పటికీ పాత అంకెలే నోళ్లలో నానుతున్నాయి కాబట్టి అవసరమైన చోట రెండూ చెబుతాను.

స్టేషన్‌కు రమ్మని పిలుపు వచ్చినప్పుడు

మొదట అడగవలసిన ప్రశ్న ఒకటే: ఆమెను సాక్షిగా పిలుస్తున్నారా, నిందితురాలిగా పిలుస్తున్నారా? ఫోనులో చెప్పిన మాటకు విలువ లేదు, నోటీసు రాతపూర్వకంగా ఇమ్మని మర్యాదగా కోరండి. సాక్షిగా అయితే 179వ సెక్షన్ ప్రకారం, అంటే పాత 160 ప్రకారం, స్త్రీని ఆమె నివాసం వద్దనే విచారించాలి తప్ప స్టేషన్‌కు రప్పించకూడదు. ఈ నియమాన్ని పక్కనపెట్టి స్త్రీని స్టేషన్‌కు పిలవడం తప్పని సుప్రీంకోర్టు 1978లోనే, ఒడిశా మాజీ ముఖ్యమంత్రి నందినీ శతపథి కేసులో చెప్పింది. ముఖ్యమంత్రిగా చేసిన ఆమెకే కోర్టుకెక్కితే గాని దక్కని రక్షణ కూలికి వెళ్లే స్త్రీకి అడగకుండా దక్కుతుందని అనుకోవడం కష్టం. కాబట్టి అడగాలి.

నిందితురాలిగా అయితే, ఏడేళ్ల లోపు శిక్ష పడే చాలా నేరాల్లో పోలీసులు వెంటనే అరెస్టు చేయనవసరం లేదు. 35(3) కింద హాజరు నోటీసు ఇవ్వవచ్చు. అందరూ 41ఏ నోటీసు అనే కాగితం ఇదే. అరెస్టు ఎందుకు అవసరమో కారణాలు రాయకుండా యాంత్రికంగా అరెస్టు చేయరాదని 2014లో అర్నేష్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు ఆదేశించింది. వరకట్న వేధింపు కేసుల్లో ముసలి అత్తలను, పెళ్లయి వెళ్లిపోయిన ఆడపడుచులను మూకుమ్మడిగా తీసుకెళ్లే అలవాటుకు అడ్డుకట్ట వేసిన తీర్పు అది. నోటీసు వస్తే భయపడి ఊరు విడిచి వెళ్లడం అన్నిటికంటే పెద్ద పొరపాటు, ఎందుకంటే నోటీసును పాటించకపోవడమే అరెస్టుకు కారణమవుతుంది. వకీలును వెంటబెట్టుకుని చెప్పిన తేదీకి వెళ్లండి, హాజరైనట్టు నోటీసు నకలు మీద సంతకం, తేదీ తీసుకోండి. విచారణ జరిగేటప్పుడు, మొత్తం సేపు కాకపోయినా, తనకు నచ్చిన వకీలును కలుసుకునే హక్కు 38వ సెక్షన్ ఆమెకు ఇచ్చింది.

అరెస్టు జరిగిన గంట

ఒక కాగితం, పెన్ను తీసుకోండి. ఎన్ని గంటలకు వచ్చారు, ఎంతమంది వచ్చారు, వారిలో మహిళా పోలీసు ఉన్నారా, యూనిఫాం మీద పేరు ఏమిటి, వాహనం నంబరు ఎంత, ఏ స్టేషన్‌కు తీసుకెళుతున్నామన్నారు అన్న ఈ వివరాలన్నీ అప్పటికప్పుడే రాయండి. రెండు రోజుల తర్వాత జ్ఞాపకం మీద చెప్పేదానికీ, ఆ నిమిషంలో రాసుకున్నదానికీ కోర్టులో చాలా తేడా ఉంటుంది.

43వ సెక్షన్ చెప్పేది ఇది. స్త్రీని అరెస్టు చేస్తున్నామని నోటితో చెబితే చాలు, ఆమె లొంగిపోయినట్టే భావించాలి. పరిస్థితి అనివార్యం అయితే తప్ప మగ పోలీసు ఆమె ఒంటి మీద చేయి వేయరాదు. సూర్యాస్తమయం తరువాత, సూర్యోదయానికి ముందు స్త్రీని అరెస్టు చేయరాదు. అసాధారణ పరిస్థితుల్లో చేయవలసి వస్తే, మహిళా పోలీసు అధికారి రాతపూర్వక నివేదిక ఇచ్చి, ఆ ప్రాంతపు ప్రథమ శ్రేణి మేజిస్ట్రేటు అనుమతి ముందుగా పొందాలి. రాత్రిపూట వస్తే ఆ అనుమతి కాగితం చూపమని అడగండి. వాదనకు, తోపులాటకు దిగవద్దు, విధులకు అడ్డుపడ్డారని మరో కేసు నెత్తిన పడుతుంది. ఇక్కడ ఒక మెలిక కూడా తెలిసి ఉండాలి. ఈ నియమం ఉల్లంఘించినంత మాత్రాన అరెస్టు దానంతటదే చెల్లకుండా పోదని, అయితే అధికారి తగిన వివరణ ఇచ్చుకోవాలని 2025లో మద్రాసు హైకోర్టు అన్నది. కాబట్టి రాత్రి అరెస్టు జరిగిందన్న ఒక్క విషయంతోనే ఆమె మర్నాడు ఇంటికి వస్తుందని ఆశపడకండి. ఆ విషయాన్ని బెయిల్ పిటిషన్‌లో రాయించండి.

పోలీసులు అరెస్టు మెమో, అంటే అరెస్టు వివరాల పత్రం, తయారు చేయాలి; దాని మీద కుటుంబ సభ్యుడో, ఆ వీధిలోని పెద్దమనిషో సాక్షి సంతకం పెట్టాలి, ఆమె కూడా సంతకం చేయాలి. 1996లో డి.కె.బసు కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశం ఇది, ఇప్పుడు 36వ సెక్షన్‌గా చట్టంలోనే ఉంది. మెమోలో రాసిన సమయం మీరు రాసుకున్న సమయంతో సరిపోతుందో లేదో చూడనిదే సంతకం పెట్టవద్దు. ఉదయం పదింటికి తీసుకెళ్లి మెమోలో సాయంత్రం ఆరని రాయడం ఎందుకంటే, మేజిస్ట్రేటు ముందు హాజరుపరచవలసిన 24 గంటల గడువు అక్కడి నుంచి లెక్కలోకి వస్తుంది. ఆ గడువులో ప్రయాణ సమయం కలవదు, మిగిలినదంతా కలుస్తుంది. అరెస్టుకు కారణాలేమిటో ఆమెకు, ఆమె తరఫు వారికి తెలియజేయకపోతే ఆ అరెస్టే చెల్లదని 2025 ఫిబ్రవరిలో విహాన్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. కారణాలు రాసిన కాగితం నకలు అడిగి తీసుకోండి.

లాకప్, సోదా, వైద్య పరీక్ష

స్త్రీలను మగవారి లాకప్‌లో ఉంచరాదని, వారి లాకప్‌కు మహిళా కానిస్టేబుళ్లే కాపలా ఉండాలని, విచారణ మహిళా పోలీసుల సమక్షంలోనే జరగాలని 1983లో షీలా బర్సే కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. బొంబాయి లాకప్పుల్లో స్త్రీలను హింసిస్తున్నారని ఒక జర్నలిస్టు రాసిన ఉత్తరమే ఆ కేసు. మీరు వెళ్లినప్పుడు స్టేషన్‌లో మహిళా కానిస్టేబుల్ లేకపోతే, ఆ సంగతిని సమయంతో సహా కాగితం మీద రాసి స్టేషన్ హౌస్ ఆఫీసర్‌కు ఇచ్చి రసీదు అడగండి. రసీదు ఇవ్వకపోతే అదే అర్జీని ఆ జిల్లా ఎస్పీకి గాని, కమిషనర్‌కు గాని రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. పోస్టాఫీసు ఇచ్చే చిన్న చీటీ మీద తేదీ ఉంటుంది, అదే సాక్ష్యం.

సోదా మరో స్త్రీయే చేయాలి, అదీ మర్యాదకు భంగం కలగకుండా. ఒంటి మీది వస్తువులు తీసుకుంటే రసీదు ఇవ్వాలని 49వ సెక్షన్ చెబుతోంది. మన ఇళ్లలో ఇది చిన్న విషయం కాదు. మంగళసూత్రం, చెవిదిద్దులు, కాలి మెట్టెలు తీసి కాగితంలో పొట్లం కట్టి బల్ల సొరుగులో పడేసిన క్షణాన ఆమె ముఖం చూసినవారికి తెలుస్తుంది. ఆ పొట్లంలో ఏమేమి ఉన్నాయో రసీదులో విడివిడిగా రాయించాలి. 'పసుపు రంగు లోహపు గొలుసు ఒకటి' అని రాస్తారు, ఫరవాలేదు, కనీసం తూకమో, పూసల లెక్కో రాయమనండి. వీలైతే బంగారాన్ని అక్కడికక్కడే కుటుంబ సభ్యుల చేతికి ఇప్పించమని అడగడం ఇంకా మంచిది.

మీరు స్టేషన్‌కు వెళ్లేటప్పుడు ఒక సంచిలో రెండు జతల బట్టలు, శానిటరీ ప్యాడ్లు, ఆమె వేసుకునే బీపీ, షుగర్, థైరాయిడ్ మాత్రలు, వాటి చీటీ, కళ్లజోడు పెట్టుకుని వెళ్లండి. మాత్రల కంటే డాక్టరు రాసిన చీటీ ముఖ్యం. అది లేకుండా జైలు ఆసుపత్రిలో మందు నడవదు.

అరెస్టు తరువాత వైద్య పరీక్ష మహిళా డాక్టరు చేత గాని, ఆమె పర్యవేక్షణలో గాని జరగాలి. అక్కడ ఆమె నోరు విప్పి చెప్పవలసినవి మూడు: ఒంటి మీద దెబ్బలు ఉంటే ఎక్కడెక్కడ, గర్భిణి అయితే ఎన్నో నెల, ఎప్పటినుంచో ఉన్న జబ్బులు ఏమిటి. పక్కన పోలీసులు ఉన్నారని ఊరుకుంటే ఆ దెబ్బలు కాగితానికెక్కవు. నిందితురాలైనంత మాత్రాన కన్యత్వ పరీక్ష చేయడం రాజ్యాంగ విరుద్ధమని 2023 ఫిబ్రవరిలో ఢిల్లీ హైకోర్టు తీర్పు చెప్పింది, అటువంటిదానికి ఆమె ఒప్పుకోనక్కర లేదు.

మేజిస్ట్రేటు ముందు

ఈ పది నిమిషాలు విలువైనవి. ఆ పది నిమిషాల్లో ఆమె పక్కన వకీలు ఉండాలి. డబ్బు లేదని వెనుకాడవద్దు. 1987 నాటి న్యాయ సేవల అధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ ప్రకారం స్త్రీ అయితే చాలు, ఆదాయంతో పని లేకుండా ఉచిత వకీలు దొరుకుతారు. ఎకరాలున్న ఇంటి స్త్రీకైనా, భర్త ఉద్యోగస్తుడైనా ఆ హక్కు ఉంది, ఎందుకంటే భర్త డబ్బు కష్టకాలంలో ఆమె డబ్బు కాకపోవచ్చునని చట్టం చేసినవారికి తెలుసు. 15100 నంబరుకు ఫోను చేయండి, లేదా కోర్టు ఆవరణలోని జిల్లా న్యాయసేవాధికార సంస్థ కార్యాలయంలోనో, మండల న్యాయసేవా కమిటీలోనో తెల్లకాగితం మీద దరఖాస్తు ఇవ్వండి.

వకీలు చేతిలో మీరు పెట్టవలసిన కాగితాలు: ఆమె ఆధార్, వయసు రుజువు, గర్భిణి అయితే ఆరోగ్య కేంద్రంలో ఇచ్చిన గర్భిణి కార్డు, పాలు తాగే బిడ్డ ఉంటే బిడ్డ జనన ధ్రువపత్రం, మందుల చీటీలు. వయసు పద్దెనిమిది నిండలేదని అనుమానం ఉంటే స్కూలు సర్టిఫికెట్ ఆ రోజే చూపాలి, ఎందుకంటే ఆ అమ్మాయి వెళ్లవలసింది బాలల న్యాయ మండలి ముందుకు, జైలుకు కాదు. చిన్న వయసులో పెళ్లయి, ఆధార్‌లో వయసు పెంచి రాయించుకున్న అమ్మాయిల విషయంలో ఈ పొరపాటు జరిగే అవకాశం ఎక్కువ.

పోలీసులు ఇబ్బంది పెట్టారా అని మేజిస్ట్రేటు అడిగినప్పుడు నిజం చెప్పమని ఆమెకు ధైర్యం చెప్పండి. గర్భిణిని జైలుకు పంపేముందు అక్కడ కాన్పుకు, తల్లీబిడ్డల సంరక్షణకు కనీస సదుపాయాలు ఉన్నాయో లేదో చూడాలని సుప్రీంకోర్టు ఆదేశం ఉంది. ఆ సంగతి రిమాండ్ సమయంలోనే వకీలు ఎత్తాలి. పోలీసు కస్టడీకి అడిగితే, విచారణ పగటిపూట, మహిళా అధికారి సమక్షంలో, వకీలుకు కనిపించేంత దూరంలో జరగాలని ఉత్తర్వులోనే రాయించమని కోరాలి.

జైలులో తల్లి, బయట పిల్లలు

ఇప్పుడే నేను ప్రస్తావించిన ఆదేశం 2006 ఏప్రిల్ 13న ఆర్.డి.ఉపాధ్యాయ్ కేసులో వచ్చింది. ఆ కేసులో ఎదుటి కక్షిదారు ఆంధ్రప్రదేశ్ రాష్ట్రమే. జైలులో ఉన్న స్త్రీల పిల్లల గురించి ఈ దేశంలో అంతకంటే వివరమైన తీర్పు లేదనే నా అభిప్రాయం, జైలు గేటు దగ్గర నిలబడే ప్రతి అమ్మమ్మకూ అందులోని మాటలు తెలియాలి. బిడ్డను ఆరేళ్లు వచ్చేవరకు తల్లి దగ్గర ఉంచుకోవచ్చు. ఆ బిడ్డ ఖైదీ కాదు. తిండి, బట్ట, వైద్యం, ఆటపాటలు అడుక్కునేవి కావు, హక్కుగా రావలసినవి. స్త్రీల జైలుకు అనుబంధంగా పసిపిల్లలకు క్రెష్, మూడేళ్లు దాటినవారికి నర్సరీ ఉండాలి. కాన్పు వీలైనంతవరకు జైలు బయట ఆసుపత్రిలో జరగాలి. ఎట్లా జరిగినా జనన ధ్రువపత్రంలో పుట్టిన చోటుగా జైలు పేరు రాయకూడదు, ఆ ప్రాంతం పేరు మాత్రమే రాయాలి. ఆ పత్రం చేతికి రాగానే ఈ ఒక్క గడి తప్పకుండా చూడండి. స్కూలులో చేర్చేటప్పుడు ఆ బిడ్డ బతుకంతా వెంటాడే గడి అది.

ఆరేళ్లు నిండిన తరువాత బిడ్డను బంధువులకో, ప్రభుత్వ వసతి గృహానికో అప్పగిస్తారు. వీలైనంతవరకు జైలు ఉన్న ఊళ్లోనే ఉంచాలని, వారానికి ఒకసారైనా తల్లిని చూపించాలని తీర్పు చెబుతోంది. చిన్నబిడ్డను లోపలికి పంపాలా, బయట ఉంచాలా అన్నది ఆమెను అడగకుండా మీరు నిర్ణయించవద్దు. పాలు తాగే బిడ్డ అయితే తల్లి దగ్గరే మేలు. నాలుగైదేళ్ల బిడ్డ, ఇంట్లో ప్రేమగా చూసే మనిషి ఉంటే, బయటే ఉండి వారం వారం వెళ్లడం మంచిదని నాకు అనిపిస్తుంది. పెద్ద పిల్లలను చూసే దిక్కు లేకపోతే 1098కు ఫోను చేసి బాలల సంక్షేమ సమితి ముందు ఉంచాలి. పొరుగింట్లో వదిలేసి ఊరుకోవడం ప్రమాదం, ముఖ్యంగా ఆడపిల్లలను.

ములాఖత్ గురించి. రోజులు, వేళలు ఒక్కో జైలుకు ఒక్కో రకంగా ఉంటాయి కాబట్టి వెళ్లేముందు కనుక్కోండి. ఆధార్ అసలు, నకలు రెండూ పట్టుకెళ్లండి. సెల్‌ఫోను గేటు దగ్గరే ఆగిపోతుంది. దూరాభారమైనవారు ఈ-ప్రిజన్స్ వెబ్‌సైటులో ఈ-ములాఖత్‌కు నమోదు చేసుకుని వీడియోలో మాట్లాడవచ్చు. సబ్బు, నూనె కొనుక్కోవడానికి ఆమె పేరున జైలులో ఉండే ఖాతాలో కొద్ది డబ్బు కట్టండి, రసీదు తీసుకోండి.

ఆ పావుగంటలో ఏం మాట్లాడాలో ముందే చీటీ రాసుకుని వెళ్లమని నేను అందరికీ చెబుతాను. ఒకసారి జాలీ ఇవతల తమ్ముడు, అవతల అక్క. ఆమె కేసు గురించి ఒక్కమాట అడగలేదు. డ్వాక్రా వాయిదా ఎవరు కట్టారు, చిన్నదానికి జ్వరం తగ్గిందా, బియ్యం కార్డు మీద వేలిముద్ర వేయడానికి ఎవరు వెళ్లారు అని అడిగింది. తమ్ముడికి ఒక్కదానికీ జవాబు తెలియదు. బెల్లు కొట్టారు. ఆమె జాలీ పట్టుకున్న వేళ్లు అలాగే ఉన్నాయి. కాబట్టి వెళ్లేముందు సంఘం లీడరుతో మాట్లాడి అప్పు వాయిదా సంగతి తేల్చుకోండి, పిల్లల మార్కులో, వాళ్లు గీసిన బొమ్మో చెప్పడానికి సిద్ధం చేసుకోండి. కేసు సంగతి చెప్పేటప్పుడు తరువాతి వాయిదా తేదీ, వకీలు పేరు, బెయిల్ పిటిషన్ ఎక్కడిదాకా వచ్చింది అన్న మూడూ తప్పకుండా చెప్పండి.

జైలులో కొట్టినా, మందులు ఇవ్వకపోయినా జిల్లా జడ్జికి, మానవ హక్కుల కమిషన్‌కు రాతపూర్వకంగా తెలపండి. జైలును సందర్శించే న్యాయసేవా సంస్థ వకీలుకు కూడా చెప్పించండి.

బెయిల్, ష్యూరిటీలు

మరణశిక్ష, యావజ్జీవం పడే నేరాల్లో మేజిస్ట్రేటు కోర్టు మామూలుగా బెయిల్ ఇవ్వదు. కాని నిందితురాలు స్త్రీ అయితే ఇవ్వవచ్చునని 480వ సెక్షన్‌లో, అంటే పాత 437లో, వెసులుబాటు ఉంది. మనీ లాండరింగ్ చట్టం 45వ సెక్షన్‌లోనూ ఇటువంటిదే ఉంది. 2024 ఆగస్టు 27న అప్పటి తెలంగాణ ఎమ్మెల్సీ కె.కవితకు బెయిల్ ఇస్తూ, ఒక స్త్రీ బాగా చదువుకున్నదని, ఉన్నత స్థితిలో ఉన్నదని ఆ వెసులుబాటును నిరాకరించడం సరికాదని సుప్రీంకోర్టు అన్నది. రాజకీయాలు పక్కన పెడితే, ఆ మాట ఉపాధ్యాయురాలికీ, అంగన్‌వాడీ కార్యకర్తకూ, బ్యాంకు ఉద్యోగినికీ కూడా పనికొస్తుంది. వెసులుబాటు 'ఇవ్వవచ్చు' అన్న మాటతో ఉంది గాని 'ఇవ్వాలి' అని లేదు, కాబట్టి పసిబిడ్డ, అనారోగ్యం, పాత కేసులు లేకపోవడం వంటి కారణాలను ఆధారాలతో చూపాలి.

గంజాయి కేసులు వేరు. ఏజెన్సీ నుంచి నగరాలకు సంచులు మోయడానికి పేద స్త్రీలను వాడుకునేవారు తప్పించుకుంటారు, సంచి మోసిన మనిషి దొరుకుతుంది. ఇరవై కిలోలు దాటితే వాణిజ్య పరిమాణం కింద లెక్క, అప్పుడు మాదకద్రవ్యాల చట్టం (ఎన్‌డీపీఎస్) 37వ సెక్షన్ వల్ల బెయిల్ చాలా కష్టం. ఆ చట్టంలోనూ స్త్రీని స్త్రీయే సోదా చేయాలని 50వ సెక్షన్ చెబుతోంది, కాబట్టి సోదా ఎవరు చేశారు, తూకం ఎంత రాశారు అన్నవి వకీలుకు మొదటి రోజే చెప్పండి.

క్యాలెండరు మీద రిమాండ్ తేదీకి సున్నా చుట్టి పెట్టుకోండి. ఛార్జిషీటు మామూలు నేరాల్లో 60 రోజుల్లో, మరణశిక్ష, యావజ్జీవం, పదేళ్లు అంతకుమించి శిక్ష పడే నేరాల్లో 90 రోజుల్లో వేయకపోతే బెయిల్ ఆమె హక్కు అవుతుంది. లెక్క రిమాండ్ రోజు నుంచే మొదలవుతుంది. గడువు దాటిన మర్నాడే పిటిషన్ పడాలి. ఒకరోజు ఆలస్యమై ఈలోగా ఛార్జిషీటు వస్తే ఆ హక్కు పోతుంది. మరో హక్కు 479వ సెక్షన్‌ది. మరణశిక్ష, యావజ్జీవం లేని నేరంలో, గరిష్ఠ శిక్షలో సగం కాలం విచారణ ఖైదీగా గడిపితే, మునుపు ఏ నేరంలోనూ దోషిగా తేలనివారైతే మూడోవంతు గడిపితే చాలు, జైలు సూపరింటెండెంటే కోర్టుకు దరఖాస్తు పెట్టాలి. ఒకటికి మించి కేసులుంటే ఇది వర్తించదు. జిల్లా జడ్జి అధ్యక్షతన మూడు నెలలకోసారి కూర్చునే విచారణ ఖైదీల సమీక్ష కమిటీ ముందు ఆమె పేరు ఉన్నదా అని న్యాయసేవాధికార సంస్థలో అడగండి.

ఇక ష్యూరిటీలు, అంటే పూచీదారులు. బెయిల్ వచ్చాక కూడా స్త్రీలు లోపలే ఉండిపోయేది ఇక్కడ. నాటుసారా కేసులో ఒకామెకు పదకొండో రోజున బెయిల్ వచ్చింది, జైలు దాటింది మాత్రం రెండు నెలల తరువాత. ఇంటి పన్ను రసీదు చనిపోయిన మామగారి పేరున ఉంది, మరిది సంతకం పెట్టనన్నాడు, ఊళ్లో ఆడమనిషికి పూచీ పడేవారు దొరకలేదు. బెయిల్ కోసం ఎదురుచూసే రోజుల్లోనే ఇద్దరు పూచీదారులను మాట్లాడి పెట్టుకోండి. ఇంటి పన్ను రసీదు లేదా పట్టాదారు పాసుపుస్తకం, ఆస్తి విలువ ధ్రువపత్రం, ఆధార్, ఫొటోలు సిద్ధం చేసుకోండి. ఉద్యోగస్తులైతే జీతం సర్టిఫికెట్ కావాలి. పూచీదారు వేరే జిల్లావాడని తిరస్కరించడం తప్పని 1978లోనే మోతీరామ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

దొరకకపోతే దారులున్నాయి. బెయిల్ ఉత్తర్వు వచ్చి ఏడు రోజులైనా విడుదల కాకపోతే జైలు సూపరింటెండెంట్ జిల్లా న్యాయసేవాధికార సంస్థ కార్యదర్శికి తెలపాలని, నెల దాటితే షరతులు సడలించే విషయం కోర్టే పరిశీలించవచ్చునని 2023 జనవరి 31న సుప్రీంకోర్టు ఆదేశించింది. పేద ఖైదీల కోసం కేంద్ర హోం శాఖ 2023లో ఒక పథకం పెట్టింది; మొదలుపెట్టిన నాటి నిబంధనల ప్రకారం బెయిల్ మొత్తానికి 40,000 రూపాయల దాకా, శిక్ష పడినవారి జరిమానాకు 25,000 దాకా ఇచ్చేవారు. అవినీతి, మనీ లాండరింగ్, మాదకద్రవ్యాలు, ఉపా (చట్టవిరుద్ధ కార్యకలాపాల నిరోధక చట్టం) కేసులకు ఇది లేదు. మీరు అడగనిదే ఈ పథకం పేరు ఎవరూ ఎత్తకపోవచ్చు.

శిక్ష పడితే

మరణశిక్ష, యావజ్జీవం లేని నేరంలో, మునుపు శిక్ష పడని స్త్రీని జైలుకు పంపకుండా సత్ప్రవర్తన బాండు మీద విడిచిపెట్టవచ్చునని 401వ సెక్షన్ చెబుతోంది. ఏ వయసు స్త్రీకైనా ఇది వర్తిస్తుంది. తీర్పు చెప్పిన తరువాత, శిక్ష ఖరారు చేసేముందు వకీలు ఈ మాట అడగాలి. అది చాలా చిన్న వ్యవధి. శిక్ష మూడేళ్ల లోపు అయి, అంతవరకు బెయిల్ మీద ఉంటే, అప్పీలు వేసుకునేందుకు ఆ కోర్టే శిక్ష నిలిపివేయవచ్చు. అప్పీలు సెషన్స్ కోర్టుకైతే 30 రోజుల్లో, హైకోర్టుకైతే 60 రోజుల్లో వేయాలి; జైలు నుంచే, ఉచిత వకీలుతోనే వేయవచ్చు. దీర్ఘకాల ఖైదీల విషయంలో ప్రభుత్వాలు ఇచ్చే క్షమాభిక్ష ఉత్తర్వులను గమనిస్తూ ఉండండి.

విడుదల రోజు

బెయిల్ ఉత్తర్వు జైలుకు చేరిన తరువాత వేరే కేసులో పీటీ వారెంట్ (జైలులో ఉన్న మనిషిని మరో కేసులో కోర్టుకు రప్పించే ఉత్తర్వు) ఏదైనా పెండింగులో ఉందో లేదో ముందే కనుక్కోండి. గేటు దాకా వచ్చి మళ్లీ లోపలికి వెళ్లడం కంటే నరకం లేదు. విడుదలలు చాలావరకు పొద్దుపోయాక జరుగుతాయి. చీకట్లో, చేతిలో పైసా లేని స్త్రీ ఒంటరిగా ఆ గేటు దాటకూడదు కాబట్టి మీలో ఒకరు మధ్యాహ్నం నుంచే అక్కడ ఉండండి. మంచి చీర ఒకటి, చెప్పులు, తినడానికి ఏదైనా పట్టుకెళ్లండి. స్టేషన్‌లో ఇచ్చిన రసీదు, జైలులో ఇచ్చిన రసీదు రెండూ చూసి ఆమె వస్తువులు అప్పగింపజేసుకోండి, మందుల చీటీలు కూడా అడగండి. బెయిల్ ఉత్తర్వు నకలు చదివి, ఏ వారం ఏ స్టేషన్‌లో సంతకం పెట్టాలో, తరువాతి వాయిదా ఎప్పుడో గోడ క్యాలెండరు మీద పెద్ద అక్షరాలతో రాయండి; ఒక్క వాయిదా తప్పినా నాన్ బెయిలబుల్ వారెంట్ రావచ్చు. మొదటి సంతకానికి ఆమెతో పాటు మీరూ స్టేషన్‌కు వెళ్లండి.